గవ్వలు, గుండీలు, రూపాయి బిళ్ళ: ఇంట్లోనే సంభావ్యత నేర్పడం

మా అక్క కొడుకు బుజ్జిగాడు ఏడో తరగతి పరీక్షలు రాసి, సెలవులకి కాకినాడలో మా ఇంటికొచ్చాడు. రెండో రోజే లూడోలో ఓడిపోయి, డైస్‌ని మంచం కిందకి విసిరేసి, "పిన్నీ, ఇందులో ఆరు అస్సలు పడదు. మిగతావన్నీ పడతాయి" అన్నాడు. నేను ఇరవై రెండేళ్ళుగా హైస్కూల్లో లెక్కలు చెబుతున్నాను. సంభావ్యత, అంటే ఏదైనా జరిగే అవకాశం ఎంతో అంకెల్లో చెప్పే పాఠం, మొదలుపెట్టడానికి ఇంతకంటే మంచి మాట ఏ పిల్లాడూ అందించలేదు.

"సరే, 60 సార్లు వేద్దాం. ఆరు ఎన్నిసార్లు పడుతుందో ముందు రాయి" అన్నాను. మూడు అని రాశాడు. ఈ రాయించడం మాత్రం మానకండి. ముందు ఊహ కాగితం మీద పడితేనే తర్వాత వచ్చిన అంకె చూసి పిల్లలు ఆశ్చర్యపోతారు. లేకపోతే "నాకు ముందే తెలుసు" అంటారు.

నాలుగు గీతలు గీసి ఐదోది అడ్డంగా కొట్టే పద్ధతిలో లెక్క రాసుకున్నాం. ఒకటి 11, రెండు 8, మూడు 13, నాలుగు 10, ఐదు 9, ఆరు 9.

"చూశావా, తొమ్మిదే!" అన్నాడు.

"రెండు ఎనిమిదే పడింది కదరా. దాని మీద కోపం లేదేం?"

కాసేపు ఆలోచించి, "రెండు కోసం ఎవరు చూస్తారు పిన్నీ" అన్నాడు. నేను చెప్పాలనుకున్నది వాడే చెప్పేశాడు. కాయ బయటికి రావాలంటే ఆరు పడాలి, కాబట్టి ఆరు పడని ప్రతిసారీ గుర్తుంటుంది. రెండు పడకపోతే ఎవరికీ పట్టదు. మన మనసు లెక్క సరిగా రాయదు, అందుకే కాగితం మీద గీతలు.

చాలామంది తల్లిదండ్రులు ముందు సూత్రం చెబుతారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ అదే చేశాను. అనుకూల పర్యవసానాలు (మనం కోరే ఫలితాలు) బై మొత్తం పర్యవసానాలు అని బోర్డు మీద రాసి, క్లాసంతటి చేతా బట్టీ పట్టించాను. పరీక్షలో మార్కులు బాగానే వచ్చాయి. ఏప్రిల్ నెలలో ఒకరోజు, బయట ఎండ మండిపోతుంటే, "రేపు వర్షం పడే సంభావ్యత ఎంత?" అని అడిగాను. క్లాసంతా ఒక్క గొంతుతో, "సగం టీచర్! పడుతుంది, లేదా పడదు!" తప్పు నాదే. ఆ సూత్రం పనిచేయాలంటే పర్యవసానాలన్నీ సమసంభవాలు కావాలి, అంటే అన్నింటికీ పడే అవకాశం సమానంగా ఉండాలి. ఆ మాట పుస్తకంలో ఉంటుంది, నేను దాటేశాను. రెండు రకాలుగా జరగొచ్చు అంటే సగం సగం అని కాదు. పిల్లలు చేసే తప్పుల్లో సగానికి పైగా ఇక్కడే పుడతాయి.

మర్నాడు రూపాయి బిళ్ళ. ముందుగా ఏది బొమ్మో ఏది బొరుసో తేల్చుకోండి, లేకపోతే మధ్యలో తగాదా. మేం సింహాలున్న వైపు బొమ్మ, అంకె ఉన్న వైపు బొరుసు అనుకున్నాం. 20 సార్లు వేయిస్తే పది, పది రాకపోవచ్చు. మాకు బొమ్మ 13 పడింది. "బిళ్ళ మంచిది కాదు" అన్నాడు. అప్పుడు కెరిచ్ కథ చెప్పాను. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో జాన్ కెరిచ్ అనే గణితజ్ఞుడు డెన్మార్క్‌లో నిర్బంధంలో ఉండిపోయాడు. అక్కడ కూర్చుని ఒక నాణేన్ని 10,000 సార్లు ఎగరేసి లెక్క రాశాడు. బొమ్మ 5,067 సార్లు పడింది. సరిగ్గా సగానికి 67 ఎక్కువ, కానీ మొత్తంలో భాగం చూస్తే 0.5067. మా 20లో తేడా మూడే, భాగం మాత్రం 0.65. ఎక్కువసార్లు వేస్తే భాగం సగానికి దగ్గరవుతుంది, తేడా మాయమైపోవాలని లేదు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన రాసి చూపించండి.

వరసగా నాలుగు బొమ్మలు పడితే "ఈసారి బొరుసే" అని ప్రతి పిల్లాడూ అంటాడు, పెద్దవాళ్ళూ అంటారు. ముందు ఏం పడిందో రాసుకోవడానికి బిళ్ళ దగ్గర నోటుబుక్కు లేదు అని చెప్పి ఊరుకోండి. అక్కడ ఉపన్యాసం అక్కర్లేదు.

రెండు నాణేలు కలిపి వేసే దగ్గర మాత్రం ఆగండి. "రెండూ బొమ్మలు, రెండూ బొరుసులు, ఒకటీ ఒకటీ. మూడే కదా పిన్నీ, ఒక్కోదానికి మూడో వంతు" అన్నాడు బుజ్జిగాడు. వాదించలేదు. ఒక రూపాయి, ఒక ఐదు రూపాయల బిళ్ళ ఇచ్చి 40 సార్లు వేయమన్నాను. "ఒకటీ ఒకటీ" గీతలు మిగతా రెండింటి కంటే దాదాపు రెట్టింపు పొడుగు పెరిగాయి. "రూపాయి బొమ్మ, ఐదు బొరుసు. ఇంకోసారి రూపాయి బొరుసు, ఐదు బొమ్మ. ఇవి ఒకటేనా?" అని అడిగాను. నోరు తెరిచి, మళ్ళీ మూసుకుని, నాలుగు వరసలు తనే రాశాడు. రెండూ రూపాయి బిళ్ళలే అయితే ఈ తేడా కంటికి కనపడదు, అందుకే వేరువేరు బిళ్ళలు వాడాలి.

మీ పిల్లలు ఇక్కడ తప్పు చేస్తే తిట్టకండి. 1754లో ఫ్రెంచి విజ్ఞాన సర్వస్వంలో దాలంబెర్ అంతటి గణితజ్ఞుడు, నాణేన్ని రెండుసార్లు వేస్తే కనీసం ఒక్క బొమ్మ పడే అవకాశం 2/3 అని రాశాడు. సరైన జవాబు 3/4. మొదటిసారే బొమ్మ పడితే ఆట అయిపోయినట్టేనని దాన్ని ఒకటిగా లెక్కపెట్టి, మొత్తం మూడే రకాలని తేల్చాడు. బుజ్జిగాడిది అచ్చం ఆ తప్పు కాకపోయినా దాని చుట్టమే.

గుండీల ఆట తొందరగా అయిపోతుంది. దిండు గలీబులో ఐదు నల్ల గుండీలు, మూడు తెల్లవి వేసి, చూడకుండా తీయమనండి. నల్లది వచ్చే సంభావ్యత 5/8. తీసింది లోపల వేయకుండా ఇంకొకటి తీయమంటే? మొదటిది నల్లదైతే ఇప్పుడు 4/7. ఎర్ర గుండీ వచ్చే సంభావ్యత సున్నా, ఏదో ఒక గుండీ వచ్చేది ఒకటి. ఈ అంకె ఎప్పుడూ సున్నాకీ ఒకటికీ మధ్యే ఉంటుంది. పిల్లాడి జవాబు 7/4 వస్తే ఎక్కడో లెక్క తప్పినట్టే. పేకముక్కలతో మొదలుపెట్టకండి, సగం ఇళ్ళలో ఇస్పేటు, కళావరు అంటే ఏమిటో పిల్లలకి తెలియదు, తెలిసిన ఇళ్ళలో పెద్దవాళ్ళు ఒప్పుకోరు.

ఆఖరికి అష్టాచమ్మా. నాలుగు గవ్వలు వేసి, నోరు పైకి ఎన్ని పడితే అన్ని గళ్ళు. నాలుగూ పైకి పడితే చమ్మా, నాలుగూ బోర్లా పడితే అష్టా, ఎనిమిది గళ్ళు. ఆ రెండిటికీ మళ్ళీ వేసే అవకాశం ఉంటుంది. ఎందుకని? ఒక్కో గవ్వకి సగం సగం అనుకుంటే మొత్తం 16 రకాలు. ఒక్కటే పైకి 4 రకాలు, రెండు 6, మూడు 4, చమ్మా 1, అష్టా 1. పదహారింటినీ పిల్లాడి చేతే రాయించండి, మీరు రాయకండి. అరుదుగా పడేవాటికే ఆటలో బహుమతి అని వాడికే అర్థమవుతుంది.

అయితే గవ్వ నాణెం కాదు. ఒకవైపు వీపు గుండ్రం, ఇంకోవైపు నోరు. ఒక గవ్వని 100 సార్లు వేయించాను, నోరు పైకి 40 సార్లే పడింది. మీ గవ్వకి ఇంకో అంకె వస్తుంది. ఇక్కడ సూత్రం చేతులెత్తేస్తుంది, వేసి లెక్కపెట్టడం ఒక్కటే దారి. నాలుగూ అలాంటి గవ్వలే అయితే అష్టా 100లో 13 సార్లు పడుతుంది, చమ్మా మూడుసార్లు కూడా కష్టం. 0.6ని నాలుగుసార్లు, 0.4ని నాలుగుసార్లు వేసి గుణించే ఆ లెక్క నేనే చేసి చూపించాను, ఏడో తరగతికి అది ఎక్కువ.

వాడు రెండు రోజులు కూర్చుని, డబ్బాలో గవ్వలన్నీ విడివిడిగా వేసి, బాగా బోర్లా పడేవి నాలుగు ఏరుకున్నాడు. "అమ్మమ్మా, ఇవాళ నా గవ్వలతో ఆడదాం" అన్నాడు. మా అమ్మ వాటిని అరచేతిలోకి తీసుకుని, ఒక్కోదాన్నీ తిప్పి చూసి, వాడికే తిరిగిచ్చేసింది. "నావి నాకున్నాయిలేరా" అని కొంగు ముడిలోంచి తన నాలుగు గవ్వలూ తీసింది.