పడవ మీది కెమెరాకు ఈథర్నెట్ కేబుల్ ద్వారానే కరెంటు

మరపడవ వీల్‌హౌస్ (చుక్కాని గది) పైన ఐపీ కెమెరా (నెట్‌వర్క్ ద్వారా దృశ్యాలు పంపేది) అమర్చేటప్పుడు డేటాకు ఒక తీగ, కరెంటుకు మరొక తీగ లాగనవసరం లేదు. పవర్ ఓవర్ ఈథర్నెట్ పద్ధతిలో రెండూ ఒకే కేబుల్‌లో వెళ్తాయి.

ముందుగా కెమెరాకు ఎన్ని వాట్లు కావాలో చూసుకోవాలి. ఈ పద్ధతికి ఉన్న 802.3ఏఎఫ్ ప్రమాణంలో నెట్‌వర్క్ స్విచ్ (పరికరాలను కేబుళ్లతో కలిపే పెట్టె) పోర్టు 15.4 వాట్లు ఇస్తుంది, కేబుల్‌లో పోయే నష్టం తీసివేస్తే పరికరానికి ఖాయంగా అందేది 12.95 వాట్లే, 802.3ఏటీలో ఇవి 30, 25.5 వాట్లు. రాత్రిపూట ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలిగినప్పుడు కెమెరా ఎక్కువ కరెంటు తీసుకుంటుంది కనుక ఆ లెక్కనే పట్టుకోవాలి.

పడవ బ్యాటరీ 12 లేదా 24 వోల్టులది. ఏఎఫ్ పోర్టు నుంచి కనీసం 44 వోల్టులు రావాలి. అందుచేత వోల్టేజీని పెంచే కన్వర్టర్ లోపలే ఉన్న పారిశ్రామిక స్విచ్‌ను ఎంచుకొని, బ్యాటరీకి దగ్గరగా ఫ్యూజు పెట్టాలి. కేబుల్‌లోకి కరెంటు ఎక్కించే ప్యాసివ్ ఇంజెక్టర్లను నేను సిఫారసు చేయను: ఎదుట ఉన్న పరికరం ఏమిటో తెలుసుకోకుండానే అవి వోల్టేజీని పంపుతాయి, పొరపాటున వేరే పరికరానికి తగిలిస్తే అది కాలిపోవచ్చు.

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ కనెక్టర్ దగ్గర పెట్టాలి. ఉప్పునీటి తడి చేరిన పిన్నులలో కరెంటు పారితే లోహం తినుకుపోయి ఆకుపచ్చని చిలుము పడుతుంది. కాబట్టి రాగిపూత అల్యూమినియం కాక స్వచ్ఛమైన రాగి కేబులే తీసుకొని, పిన్నులకు తడిని ఆపే డైఎలక్ట్రిక్ గ్రీజు పూసి, నీరు చొరబడని గ్లాండ్ (కేబుల్ చుట్టూ బిగిసే మూత) బిగించి, కెమెరాలోకి వెళ్లే ముందు కేబుల్‌ను కిందికి ఒక వంపు తిప్పాలి. తీగ వెంట జారివచ్చే నీటిబొట్టు ఆ వంపు అడుగునే రాలిపోతుంది.

కేబుల్‌ను వీహెచ్ఎఫ్ రేడియో యాంటెన్నా వైరుకు దూరంగా నడిపి, కెమెరా పనిచేస్తుండగా ఆ రేడియోలో 16వ ఛానెల్ వినాలి. గరగర వినిపిస్తే కేబుల్‌కు ఫెరైట్ కోర్ (గరగరను అణచే అయస్కాంత పదార్థపు గొట్టం) తగిలించి మళ్లీ వినాలి. ప్రాణాపాయంలో సాయం పిలిచే ఛానెల్ అదే.