పనిలో ఒకే తప్పు మళ్ళీ మళ్ళీ వస్తుంటే ఇలా చేసి చూడండి
ముందు ఎవరిది తప్పు అని వెతకడం ఆపేయండి, సగం టైం అక్కడే పోతుంది. ఒక వారం పాటు వచ్చిన ప్రతి కంప్లైంట్‌కీ కాగితం మీద గీత పెట్టి, ఎక్కువ గీతలు పడ్డదాన్నే పట్టుకోండి. తర్వాత కార్ల కంపెనీ టయోటా వాళ్ళ ఐదు ఎందుకులు, అంటే వచ్చిన ప్రతి జవాబుకీ మళ్ళీ ఎందుకు అని అడగడం.. పార్సిల్ వేరే అడ్రస్‌కి ఎందుకెళ్ళింది? లేబుల్ మారింది. ఎందుకు మారింది? పది లేబుల్స్ ఒకేసారి ప్రింట్ తీసి టేబుల్ మీద పెట్టుకున్నారు. ఎందుకు? ప్రింటర్ దూరం, ప్రతిసారీ లేచి వెళ్ళలేక. చూశారా, మనిషిని తిడితే ఇది బయటపడేదా! మూడో ఎందుకుకే దొరికితే ఆపేయొచ్చు, ఐదే అవ్వాలని లేదు. ఇప్పుడు ప్రింటర్ పక్కకి జరపండి, కానీ ఒక్క టేబుల్ దగ్గరే, రెండు వారాలు గీతలు లెక్కేసి తగ్గితేనే మిగతా చోట్ల. అమెరికా క్వాలిటీ నిపుణుడు డెమింగ్ 1950లో జపాన్‌లో ఇచ్చిన లెక్చర్ల నుంచి వచ్చిన ప్లాన్, డూ, చెక్, యాక్ట్ (ఆలోచించడం, చేసి చూడడం, ఫలితం సరిచూడడం, పనిచేస్తే అంతటా పెట్టడం) ఇదే, చాలామంది చెక్ దగ్గరే వదిలేస్తారు, మీరు మాత్రం ఆ కాగితం పారేయకండి.