స్మాగ్ చెక్‌కి వెళ్లే ముందు

కాలిఫోర్నియాలో ఇంజిన్ కంప్యూటర్ ట్యూన్ చేయించిన (అంటే దాని సాఫ్ట్‌వేర్ మార్పించిన) కారు నడుపుతున్నారా? స్మాగ్ చెక్‌కి, అంటే అక్కడి ప్రభుత్వ పొగ పరీక్షకి, వెళ్లే ముందు ఇవి చూసుకోండి.

- 2021 జూలై 19 నుంచి కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్‌ని కూడా తనిఖీ చేస్తున్నారు. అది కారు కంపెనీదైనా కావాలి, కార్బ్ (కాలిఫోర్నియా వాయు కాలుష్య నియంత్రణ సంస్థ) ఎగ్జిక్యూటివ్ ఆర్డర్, అంటే అనుమతి పత్రం, ఉన్నదైనా కావాలి. లేకపోతే పొగ ఎంత శుభ్రంగా ఉన్నా లాభం లేదు. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నవాళ్లు మరీ జాగ్రత్త, పాత ఓనరు ఏం ఎక్కించాడో ఎవరికెరుక!

- ఒరిజినల్ సాఫ్ట్‌వేర్ మళ్లీ వేయించి నేరుగా స్టేషన్‌కి పరుగెత్తకండి. రెడీనెస్ మానిటర్లు (పొగ తగ్గించే భాగాల మీద కారు తనకు తానే చేసుకునే పరీక్షల ఫలితాలు) చెరిగిపోయి ఉంటాయి. అవి మళ్లీ పూర్తికావాలంటే కొన్నిరోజులు ఊళ్లోనూ, ఫ్రీవే మీదా నడపాలి. 2000, ఆ తర్వాతి మోడల్ పెట్రోలు కార్లకు ఇవాప్ మానిటర్ (పెట్రోలు ఆవిరి బయటికి పోకుండా చూసే భాగానిది) ఒక్కటే పూర్తికాకపోయినా ఒప్పుకుంటారు.

- బ్యాటరీ వైరు పీకినా అదే కథ.

- చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంటే ముందు రిపేరు.