పండక్కి ఆయా మారుతోందా? పెద్దల ఒంటి మీద ఏముందో ముందే రాసి పెట్టుకోండి

దసరాకో సంక్రాంతికో అలవాటైన ఆయా ఊరెళుతుంది. ఆ వారం పది రోజులకు ఏజెన్సీ వాళ్లు ఇంకొకరిని పంపిస్తారు. మంచం మీదున్న మనిషిని ఎలా లేపాలో, ఏ కాలు నొప్పో ఆమెకు తెలియదు. దెబ్బ తగలడానికీ, తగిలింది దాచడానికీ వీలెక్కువ ఉండేది ఇలాంటప్పుడే.

పాత ఆయా వెళ్లే రోజు ఒళ్లు తుడిచేటప్పుడు పక్కనే ఉండండి. తల నుంచి పాదాల దాకా చూసి ఒక నోటుబుక్కులో రాయండి. కమిలిన మచ్చ ఎక్కడుంది, ఎన్ని సెంటీమీటర్లు ఉంది, నడుము కింద, తుంటి దగ్గర, మడమల మీద చర్మం ఎర్రబడిందా. వేలితో నొక్కి వదిలినా ఆ ఎరుపు తెల్లబడకపోతే పడక పుండు మొదలైనట్టే. ఆ పేజీ మీద కొత్తావిడ సంతకం కూడా తీసుకోండి. పాత మచ్చకు ఆమె మీద నింద పడకుండా కాపాడేదీ ఆ పేజీయే. నిద్రమాత్రలు ఎన్నున్నాయో లెక్కపెట్టి అక్కడే రాయండి. మనిషి పగలంతా మత్తుగా ఉంటే మొదట చూడాల్సింది ఆ లెక్కే.

మోకాలు, మోచెయ్యి, నుదురు మామూలుగా పడినా దెబ్బ తగిలే చోట్లు. జబ్బల లోపలివైపు వేళ్ల అచ్చులు, మణికట్టు చుట్టూ కట్టేసినట్టు గీత, చెవి మీదా తొడల లోపలా కమిలిన గుర్తులు కనిపిస్తే అనుమానించాల్సిందే. రక్తం పలచబడటానికి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ వాడేవారికి కాస్త గట్టిగా పట్టుకున్నా ఒళ్లు కములుతుంది కాబట్టి మందుల చీటీ డాక్టరుకు చూపించండి. రంగు చూసి ఇన్నాళ్ల కిందటిదని తేల్చకండి. డాక్టర్లు కూడా కచ్చితంగా చెప్పలేరు.

ముందు వైద్యం. రక్తం పలచబడే మందు వాడేవారికి తలకు దెబ్బ తగిలితే, బాగానే మాట్లాడుతున్నా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. లోపలి రక్తస్రావం గంటల తర్వాత బయటపడొచ్చు. పడ్డాక ఒక కాలు పొట్టిగా కనబడి పాదం బయటికి తిరిగి ఉంటే తుంటి విరిగిందనే అనుకోండి. లేపి నిలబెట్టకుండా 108కి ఫోన్ చేయండి.

క్యాజువాలిటీలో చెప్పే మొదటి మాట దగ్గరే చాలా కుటుంబాలు పొరపాటు చేస్తాయి. కంగారులోనో పరువుకోసమో "బాత్‌రూంలో జారిపడ్డారు" అంటే కేస్ షీటులో అదే పడుతుంది, తర్వాత మార్చడం చాలా కష్టం. "ఎలా తగిలిందో మేం చూడలేదు, అనుమానంగా ఉంది, ఎంఎల్‌సీ రాయండి" అని అడగండి. ఎంఎల్‌సీ అంటే పోలీసులకు తెలపాల్సిన దెబ్బగా ఆస్పత్రి నమోదు చేసే మెడికో లీగల్ కేసు. ఆ నంబరు రాసుకోండి.

ఫొటోలు రెండు రకాలు కావాలి. మనిషి ఎవరో తెలిసేలా దూరం నుంచి ఒకటి, దెబ్బ పక్కన స్కేలు పెట్టి దగ్గర నుంచి ఒకటి. వాట్సాప్‌లో పంపినా ఫోన్‌లో ఉన్న అసలు ఫొటో తీసేయకండి. లైంగిక దాడి అనుమానముంటే స్నానం చేయించొద్దు, బట్టలు ఉతకొద్దు. వాటిని ప్లాస్టిక్ కవర్లో కాకుండా కాగితం కవర్లో పెట్టండి. ప్లాస్టిక్‌లో తేమ చేరి ఆధారాలు పాడవుతాయి.

పెద్దవాళ్లను ఆయా ఎదుట అడగొద్దు. ఒంటరిగా కూర్చుని "ఏమైందమ్మా?" అని మాత్రమే అడగండి. "ఆమె కొట్టిందా?" అంటే మతిమరుపున్న మనిషి ఊరికే తలూపవచ్చు, అప్పుడు నిజంగా జరిగినదానికీ విలువ పోతుంది. పెద్దవాళ్లు చెప్పిన మాటను చెప్పినట్టే, టైముతో సహా రాయండి. ఆయా చెప్పింది కూడా రాయండి.

ఆయాతో గొడవపడటం, ఏజెన్సీని నిలదీయడం ఫిర్యాదు తర్వాతే. ముందే అరిస్తే ఆమె ఫోన్ ఆపేసి వెళ్లిపోవచ్చు. అపార్ట్‌మెంట్ సీసీ కెమెరా రికార్డింగు కొన్నాళ్లకే చెరిగిపోతుంది కాబట్టి ఆ తేదీ ఫుటేజీ కాపీ తీసి ఉంచమని అసోసియేషన్‌కు ఆ రోజే రాతపూర్వకంగా ఇవ్వండి.

అప్పటికప్పుడు ప్రమాదముంటే 100 గానీ 112 గానీ. వృద్ధుల కోసం 14567 ఎల్డర్ లైన్ ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా పనిచేస్తుంది. ఇల్లు కూకట్‌పల్లిలో, ఆస్పత్రి పంజాగుట్టలో ఉన్నా ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ (పరిధి చూడకుండా నమోదు చేసే కేసు) ఇవ్వొచ్చు, కాపీ ఉచితం. నమోదు చేయకపోతే అదే ఫిర్యాదును డీసీపీకి రిజిస్టర్ పోస్టులో పంపండి. రుజువు తేవడం మీ పని కాదు, అనుమానానికి కారణం చెబితే చాలు.

అనుమానం కొడుకు మీదో కోడలి మీదో ఉంటే పొరుగువాళ్లు కూడా 14567కి చెప్పొచ్చు. 2007 నాటి వృద్ధుల చట్టం కింద తల్లిదండ్రులను దిక్కులేకుండా వదిలేస్తే మూడు నెలల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా పడవచ్చు. పోషణ కోసమైతే ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్‌లో అర్జీ పెట్టుకోవాలి.