ప్లేఫెయిర్ డిస్‌ప్లే ఫాంట్‌లో సన్న గీతలు మాయమవుతున్నాయా? సమస్యలు - పరిష్కారాలు

పెళ్లి కార్డు మీద ఇంగ్లిష్ పేర్లకైనా, బొటిక్ బోర్డుకైనా ప్లేఫెయిర్ డిస్‌ప్లే చక్కగా అమరుతుంది. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం కూడా. డెన్మార్క్ డిజైనర్ క్లాస్ ఎగ్గర్స్ సోరెన్‌సెన్ దీన్ని పెద్ద శీర్షికల కోసం గీశారు. ఆ సంగతి పట్టించుకోకపోతే ఇబ్బందులు మొదలవుతాయి.

సమస్య: చిన్న సైజులో అక్షరాలు విరిగినట్టు కనిపిస్తున్నాయి.

కారణం: నిలువు గీతలు లావు, అడ్డగీతలు వెంట్రుకంత సన్నం. ఈ రూపానికి ప్రేరణ 18వ శతాబ్దపు బర్మింగ్‌హామ్ ముద్రాపకుడు జాన్ బాస్కర్‌విల్ అక్షరాలు. అంత సన్న గీత అచ్చులో నిలవాలనే ఆయన కాగితాన్ని వేడి పలకల మధ్య నొక్కి నునుపు చేయించేవాడు. గరుకు కాగితం మీద, పాత మానిటర్ మీద ఆ గీత నిలవదు.

పరిష్కారం: 24 పాయింట్ల కంటే కిందికి దిగకండి, ఇది నా గట్టి సలహా. అడ్రస్, ముహూర్తం వివరాలకు వేరే ఫాంట్ తీసుకోండి. ఇదే రూపం కావాలంటే, పేరు చివర డిస్‌ప్లే లేని ప్లేఫెయిర్ వేరియబుల్ ఫాంట్ (గీతల మందం వంటివి సర్దుకోగల ఫాంట్) ఉంది. అందులో ఆప్టికల్ సైజ్ (అక్షరాల రూపాన్ని వాడే సైజుకు తగ్గట్టు మార్చే సెట్టింగ్) తగ్గించేకొద్దీ సన్న గీతలు కాస్త బలపడతాయి.

సమస్య: మెరూన్ మీద తెల్ల అక్షరాలు పూడుకుపోయాయి.

కారణం: చుట్టూ ఉన్న ఇంకు సన్న గీతల్లోకి పాకుతుంది. పైగా మెరూన్‌ను నాలుగు రంగుల ఇంకులు ఒకదానిమీద ఒకటి వేసి తెస్తే, వాటిలో ఒక్కటి కాస్త పక్కకు జరిగినా గీత కనిపించదు. బోల్డ్ చేస్తే సరిపోతుందనుకుంటారు కానీ, అప్పుడు ముఖ్యంగా లావెక్కేది లావు గీతలే.

పరిష్కారం: సైజు పెంచండి, అక్షరానికి అదే రంగులో పావు పాయింట్ అవుట్‌లైన్ ఇవ్వండి. వీలైతే మెరూన్‌ను, ముందే ఆ రంగుకు కలిపిన ఒకే స్పెషల్ ఇంకుతో వేయించండి. అసలు కాగితం మీదే ఒక ప్రూఫ్ (నమూనా అచ్చు) తీయించకుండా మొత్తం ఆర్డర్‌కు ఓకే చెప్పొద్దు.

సమస్య: తేదీ, ఫోన్ నంబర్ అంకెలు ఎగుడుదిగుడుగా ఉన్నాయి.

ఇది లోపం కాదు. ఈ ఫాంట్‌లో మామూలుగా వచ్చేవి పాతకాలపు పద్ధతి అంకెలు. డిజైన్ సాఫ్ట్‌వేర్‌లోని ఓపెన్‌టైప్ మెనూలో (ఫాంట్‌లోని అదనపు అక్షర రూపాలు ఎంచుకునే చోటు) లైనింగ్ ఫిగర్స్ ఎంచుకుంటే అన్నీ ఒకే ఎత్తుకు వస్తాయి.

సమస్య: తెలుగు పేరు టైప్ చేస్తే పొంతన లేని అక్షరాలు వస్తున్నాయి.

కారణం: ప్లేఫెయిర్‌లో తెలుగు అక్షరాలు లేవు. సాఫ్ట్‌వేర్ తనకు దొరికిన తెలుగు ఫాంట్‌ను చెప్పకుండా తెచ్చి పెడుతుంది.

పరిష్కారం: ఆ ఎంపిక మీరే చేయండి. నోటో సెరిఫ్ తెలుగు, టిరో తెలుగు రెండింట్లోనూ లావు-సన్నం తేడా ఉంది కాబట్టి పక్కన పెట్టి చూడొచ్చు. పాయింట్ సైజు ఒకటే ఇస్తే చాలదు, అక్షరాల ఎత్తు కంటికి సమంగా ఆనేదాకా సర్దాలి. ప్లేఫెయిర్ అక్షరాల తోకలు పొట్టివి, అందుకే ఇంగ్లిష్ లైన్లను దగ్గరగా పేర్చినా బాగుంటాయి. అదే దూరం తెలుగుకూ ఇస్తే పై లైను వత్తులు కింది లైను గుడులకు తగులుతాయి. తెలుగు లైన్లకు ఖాళీ విడిగా పెంచండి.