ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ చేయాలనుకుంటున్నారా? ముందు గైడ్ గురించి ఆరా తీయండి

ఎమ్మెస్సీ ఫిజిక్స్ చివరి సెమిస్టర్‌లో ఉన్నవాళ్లు గుంటూరులో కలిసినా విజయవాడలో కలిసినా అడిగేది ఒకటే, ఏ టాపిక్ తీసుకుంటే బాగుంటుంది అని. టాపిక్ సంగతి తర్వాత చూద్దాం. రాబోయే నాలుగైదేళ్లు ఎవరి సంతకం కోసం తిరగాలో, అంటే మీ రీసెర్చ్‌ని పర్యవేక్షించే గైడ్ ఎవరో, ముందు అది తేల్చుకోండి.

డబ్బు విషయం త్వరగా చెప్పేస్తాను. ఫెలోషిప్ కోసం రాసే జాతీయ పరీక్ష సీఎస్ఐఆర్ నెట్‌లో ఫిజికల్ సైన్సెస్ పేపర్ 200 మార్కులకి ఉంటుంది. అందులో పార్ట్ సీలో 30 ప్రశ్నలిస్తే 20 రాయాలి, ఒక్కోటి 5 మార్కులు, అంటే సగం పేపర్ అదే. జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆ తర్వాత 42,000, ఇంటి అద్దె భత్యం (హెచ్ఆర్ఏ) అదనం. ఒప్పుకోవడానికి ఎవరికీ ఇష్టం ఉండదు గానీ, జేఆర్ఎఫ్ చేతిలో ఉంటే గైడ్ దగ్గర మీ మాటకు విలువే వేరు. రాకపోతే, 2024 జూన్ నుంచి నెట్‌లో పీహెచ్‌డీ అడ్మిషన్‌కి మాత్రమే పనికొచ్చే కేటగిరీ కూడా పెట్టారు. ఆ స్కోరు ఏడాదే చెల్లుతుంది కాబట్టి రిజల్ట్ వచ్చిన రోజు నుంచే నోటిఫికేషన్ల మీద కన్నేసి ఉంచండి.

ఇప్పుడు అసలు పని. శోధ్‌గంగ అని, యూనివర్సిటీ లైబ్రరీలను కలిపే ఇన్‌ఫ్లిబ్‌నెట్ సంస్థ వాళ్ల సైటు ఉంది, దేశంలోని యూనివర్సిటీల థీసిస్‌లు అందులో ఉచితంగా దొరుకుతాయి. నంబూరు దగ్గరున్న నాగార్జున యూనివర్సిటీలో చేరాలనుకున్నా, ఇంకెక్కడైనా సరే, మీరు అనుకుంటున్న గైడ్ పేరు కొట్టి ఆయన దగ్గర చేసినవాళ్ల థీసిస్‌లు ఓ నాలుగు దించుకోండి. మొత్తం చదవక్కర్లేదు. నాలుగూ పక్కపక్కన పెట్టుకుని ఎక్స్‌పెరిమెంటల్ చాప్టర్ చూడండి. పేరాలకు పేరాలు ఒకేలా ఉండి, శాంపిల్‌లో ఒక ఆక్సైడ్ శాతం మాత్రమే మారుతూ పోతుంటే ఐదో థీసిస్ మీదే అవుతుంది, అది మీకు ఓకేనా అని ఆలోచించుకోండి. కృతజ్ఞతల పేజీ కూడా వదలొద్దు, ఏ కొలత ఏ ఊళ్లో తీశారో చాలాసార్లు అక్కడే బయటపడుతుంది.

కొలతల గురించి ఎందుకింత చెబుతున్నానంటే, ఉదాహరణకి గ్లాసుల (గాజు పదార్థాల) మీద పని తీసుకోండి. బోరిక్ యాసిడ్, జింక్ ఆక్సైడ్ లాంటివి తూకం వేసి, అగేట్ రోట్లో చెయ్యి లాగేదాకా నూరి, క్రూసిబుల్‌లో పోసి 1,000 డిగ్రీల దరిదాపుల్లో కరిగించి, ఇత్తడి పలక మీద ఒంపగానే పగలకుండా ఇంకో ఫర్నేస్‌లోకి మార్చి 350–400 డిగ్రీల దగ్గర ఆనీల్ చేయాలి, అంటే ఆ వేడిలో ఉంచి మెల్లగా చల్లారనివ్వాలి. ఇదంతా మన ల్యాబ్‌లోనే అయిపోతుంది, కరెంటు పోకపోతే. అది గ్లాసేనా అని చూడటానికి ఎక్స్ఆర్‌డీ (ఎక్స్-రేలతో పదార్థం లోపలి అమరిక చూసే పరికరం) కావాలి, సూదిలాంటి పీకులు లేకుండా వెడల్పాటి గుట్ట ఒకటి కనిపిస్తే గ్లాసే. యూరోపియం అనే ఎరుపు కాంతినిచ్చే మూలకం కలిపారనుకోండి, 612 నానోమీటర్ల దగ్గర ఎరుపు వస్తోందో లేదో చూడటానికి స్పెక్ట్రోమీటర్ కావాలి. అది డిపార్ట్‌మెంట్‌లో ఉందా, ఉంటే పనిచేస్తోందా, లేకపోతే బయట తీయించే ఖర్చు ఎవరిది? ఈ మూడూ చేరకముందే అడగండి. బయటి పరికరాలు బుక్ చేసుకోవడానికి ఐ-స్టెమ్ పోర్టల్ ఉంది, యూనివర్సిటీల వాళ్లకు పరికరాలు వాడుకోనిచ్చే ఇండోర్‌లోని యూజీసీ-డీఏఈ సెంటర్‌కి ప్రపోజల్ పెట్టుకోవచ్చు. మీరు అనుకుంటున్న గైడ్ విద్యార్థులు ఇవి ఎప్పుడైనా వాడారా అన్నది మంచి ప్రశ్న.

ఆ తర్వాత క్యాంటీన్‌లో స్కాలర్లతో టీ తాగండి. గైడ్ గదిలో కాదు, అక్కడ అందరూ "సార్ చాలా మంచోరు" అనే అంటారు. ఎన్నో ఏడు నడుస్తోంది, డ్రాఫ్ట్ ఇస్తే ఎన్నాళ్లకు చదివి ఇస్తారు, జర్నల్ పేపర్‌లో మొదటి పేరు ఎవరిది, ఇంటి పనులు చెబుతారా, ఇవి అడగండి. చివరిదానికి జవాబు రాకుండా నవ్వు వస్తే అర్థం చేసుకోండి.

రూల్స్ కూడా కాస్త తెలిసుండాలి. యూనివర్సిటీలను నియంత్రించే యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ప్రొఫెసర్ దగ్గర ఒకేసారి 8 మంది, అసోసియేట్ దగ్గర 6, అసిస్టెంట్ దగ్గర 4 మించి స్కాలర్లు ఉండకూడదు. రిటైర్మెంట్‌కి మూడేళ్లలోపు ఉన్నవాళ్లు కొత్తవాళ్లను తీసుకోకూడదు. సీటు ఖాళీ ఉందో లేదో ఈ లెక్కతో మీకే తెలిసిపోతుంది. కోర్సుకి కనీసం మూడేళ్లు, మామూలుగా గరిష్ఠం ఆరేళ్లు. థీసిస్ ఇవ్వడానికి జర్నల్‌లో పేపర్ వేయడం తప్పనిసరి అన్న షరతు ఆ నిబంధనల్లో తీసేశారు గానీ యూనివర్సిటీలు సొంతంగా పెట్టుకోవచ్చు, మీ చోట ఏముందో కనుక్కోండి. ఏదేమైనా డబ్బు కడితే వారంలో వేసేస్తాం అనే జర్నల్స్ జోలికి పోకండి, రేపు ఇంటర్వ్యూలో అదే పేపర్ చూపించి అడుగుతారు.

ఇవన్నీ అయ్యాక గైడ్‌కి మెయిల్ పెట్టండి. "రెస్పెక్టెడ్ సర్" అని మొదలుపెట్టి బయోడేటా అతికిస్తే తెరిచి చూడరు. ఆయన ఈమధ్య వేసిన పేపర్ ఒకటి చదివి, అందులో మీకు అర్థంకాని గ్రాఫ్ గురించి రెండు లైన్లు రాయండి, మీ నెట్ స్కోరు ఒక లైను, ఎప్పుడు వచ్చి కలవొచ్చో ఇంకో లైను. వారం చూసి జవాబు రాకపోతే నేరుగా డిపార్ట్‌మెంట్‌కి వెళ్లండి, క్లాసులు లేని టైం ఏదో ఆఫీసులో కనుక్కుని మరీ.