వోలదోరెస్ క్రతువును చూడవలసిన తీరు

మెక్సికోలోని వెరాక్రూజ్ రాష్ట్రంలో, పపాంత్లా పట్టణంలోనూ దానికి చేరువలోని ఎల్ తహీన్ అనే ప్రాచీన నగర శిథిలాల ప్రవేశద్వారం దగ్గరా టోటోనాక్ అనే ఆదివాసీ ప్రజలు, ఎత్తైన స్తంభం కొన నుంచి తాళ్లతో తిరుగుతూ కిందికి దిగే వోలదోరెస్ (ఎగిరేవారు) క్రతువును జరుపుతారు. మనుషులు తలక్రిందులుగా గాలిలో తిరిగే ఘట్టం కోసమే వెళ్లేవారు ఇందులో సగం కూడా చూడలేరు కనుక, ముందుగానే చేరుకుని స్తంభం మొదట్లో జరిగే నృత్యం నుంచి చూడడం మంచిది.

వీలైతే స్తంభం చెట్టు మానా, ఉక్కుదా అని గమనించండి. పూర్వాచారం ప్రకారం అడవి దేవతను క్షమాపణ వేడుకున్న తరువాతే చెట్టును నరికి, ఊరికి చేర్చి, గోతిలో నైవేద్యాలు ఉంచి నిలబెడతారు. ఎత్తైన చెట్లు అరుదైపోవడంతో చాలాచోట్ల ఇప్పుడు ఉక్కు స్తంభాలే కనిపిస్తాయి. ఆ మేరకు క్రతువులోని మొదటి అంకం లోపించినట్లే.

నృత్యం ముగిశాక అందులో పాల్గొన్న ఐదుగురూ స్తంభం పైకి ఎక్కుతారు. అప్పుడు మీ దృష్టి కపోరాల్ అనే నాయకుడిపై నిలవాలి. మిగిలిన నలుగురు నడుముకు తాళ్లు కట్టుకుని చతురస్రాకారపు చట్రంపై కూర్చుంటే, అతడు మాత్రం ఏ తాడూ లేకుండా స్తంభం కొనపై ఉన్న చిన్న దిమ్మెపై ఒక చేత్తో పిల్లనగ్రోవి ఊదుతూ, మరో చేత్తో చిన్న డోలు వాయిస్తూ, తూర్పుతో మొదలుపెట్టి నాలుగు దిక్కులకూ నమస్కరిస్తాడు. నా దృష్టిలో క్రతువుకు ప్రాణం ఇక్కడే ఉంది.

తరువాత నలుగురూ వెనక్కి ఒరిగి గాలిలోకి జారతారు. అందరినీ ఒకేసారి చూడబోతే లెక్క తప్పుతుంది కాబట్టి ఒక్కరినే ఎంచుకుని ప్రదక్షిణలు లెక్కించండి. సంప్రదాయం ప్రకారం ఒక్కొక్కరికి 13 చొప్పున నలుగురికి 52 అవుతాయి. ఆ ప్రాంతపు ప్రాచీనులు పాటించిన 260 రోజుల క్రతు పంచాంగమూ 365 రోజుల సౌర పంచాంగమూ తిరిగి ఒకేచోట కలవడానికి పట్టే సంవత్సరాలు కూడా 52 కావడం వల్ల, ఈ తిరుగుడు కాలచక్రానికి ప్రతిరూపమవుతుంది. వర్షాన్నీ పంటనూ కోరే ప్రార్థనగా కూడా దీన్ని భావిస్తారు. స్తంభం కొనకు చుట్టిన తాళ్లు విచ్చుకునే కొద్దీ వలయం వెడల్పవుతుంది. నేలను సమీపించగానే వారు ఒక్క పల్టీతో నిటారుగా దిగుతారు.

2009లో యునెస్కో దీనిని మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. మెక్సికో నగరంలోని జాతీయ మానవశాస్త్ర సంగ్రహాలయం ఎదుట కూడా చూడవచ్చు గానీ, వీలున్నవారు కార్పస్ క్రిస్టీ అనే క్రైస్తవ ఉత్సవ సమయంలో పపాంత్లాకే వెళ్లడం మేలు. ప్రదర్శన తరువాత క్రతువు జరిపినవారిలో ఒకరు ప్రేక్షకుల దగ్గరకు కానుక కోసం వస్తే, వెంటనే ఇవ్వడానికి వీలుగా పెసోలు (మెక్సికో డబ్బు) చేతిలో ఉంచుకోండి.